మెరుపు పుట్టేది లప్పంలోనే

పాత అంబాసడర్‌నో, మహీంద్రా జీపునో ఇంటి దగ్గరే బాగుచేసుకోవాలని పూనుకున్నవాళ్లు మొదట ఆలోచించేది రంగు గురించే. ఏ కంపెనీ డబ్బా కొనాలి, ఎన్ని పూతలు కొట్టాలి, పైన ఏ పాలిష్ రుద్దాలి అన్న ప్రశ్నలే ముందు వస్తాయి. డబ్బు కూడా అక్కడే ఎక్కువ పోతుంది. కింద వేసే లప్పం, ప్రైమర్ మాత్రం ఎలాగూ కనపడవు కదా అని ఒకటి రెండు రోజుల్లో ముగించేస్తారు. ఈ లెక్క తలకిందులుగా ఉంది. బండి మీద చూసి ముచ్చటపడే లోతైన మెరుపు కనపడని ఆ పొరల దగ్గరే ఖాయమవుతుంది. పైపూత దాన్ని బయటపెడుతుంది, లేదా అది లేదన్న సంగతిని బయటపెడుతుంది. రాయలసీమలోని వేంపల్లెలో కూర్చుని ఈ మాట అనడానికి ఇంకో కారణం కూడా ఉంది. ఆ కింది పొరల్లో వాడే రాతిపొడులకు పేరుపడ్డ నేల ఇదే. అక్కడికి తరువాత వద్దాం.

ముందు లోతు అంటే ఏమిటో తేల్చుకోవాలి. కారు మీద ఉన్న రంగు పొరలన్నీ కలిపి కొలిచినా మామూలుగా మిల్లీమీటరులో పదో వంతుకు కాస్త అటూ ఇటూ ఉంటుంది. అందులో మనకు గజాల లోతు ఎలా కనిపిస్తుంది? వెలుతురు రంగు పూతను తాకగానే కొంత భాగం పైతలం నుంచే అద్దంలో లాగా తిరిగి వస్తుంది. మిగతాది లోపలికి దిగి, రంగు రేణువులను తాకి, కొంత అక్కడే ఇంకి, కొంత అన్ని వైపులకూ చెదిరి బయటపడుతుంది. రంగు పూతల వక్రీభవన గుణకం సుమారు 1.5 కాబట్టి, నిటారుగా పడిన వెలుతురులో 4 శాతం మాత్రమే పైతలం నుంచి తిరిగి వస్తుంది. 60 డిగ్రీల వాలుగా పడితే 9 శాతం దాకా వస్తుంది. కంటికి లోతు చూపించేది ఈ కొద్దిపాటి వెలుతురే. తలం సరిగ్గా చదునుగా ఉంటే ఎదురుగా 10 అడుగుల దూరంలో ఉన్న వేపచెట్టు ప్రతిబింబం, రేకుకు 10 అడుగులు వెనక ఉన్నట్టు ఏర్పడుతుంది. మన రెండు కళ్లూ అక్కడికే చూపు సారిస్తాయి. తలం గరుకుగానో వంకరగానో ఉంటే ప్రతిబింబం చెదిరిపోతుంది, చూపు రేకు మీదే ఆగిపోతుంది. లోతు పోయిందని మనం అనేది ఆ ఆగిపోవడాన్నే.

నల్ల కారు లోతుగా, తెల్ల కారు చప్పగా ఎందుకు కనిపిస్తాయో కూడా ఇందులోనే తెలుస్తుంది. తెల్లటి పూత తన మీద పడిన వెలుతురులో 80 శాతం దాకా అన్ని వైపులకూ చెదరగొడుతుంది. పైతలం నుంచి క్రమంగా వచ్చే 4 శాతం ఆ వెలుగులో కలిసిపోతుంది. నల్లటి పూతలోకి దిగిన వెలుతురు దాదాపు అంతా ఇంకిపోతుంది, తిరిగి వచ్చేది ఆ 4 శాతం ఒక్కటే. అందుకే అదే చేతిపనికి నల్ల రంగులో మెచ్చుకోలు ఎక్కువ, తప్పు జరిగితే ఎత్తిపొడుపూ ఎక్కువ. తెల్ల అంబాసడర్‌ను నల్ల బండిలా మెరిపించాలని పైన ఎన్ని పూతలు వేసినా ఈ నిష్పత్తి మారదు. అది రంగు స్వభావం. మన చేతిలో ఉన్నది ఆ 4 శాతాన్ని ఎంత క్రమంగా తిప్పి పంపగలమన్నదే.

ఆ క్రమాన్ని చెడగొట్టేవి రెండు రకాలు, రెండూ వేర్వేరు కొలతల్లో ఉంటాయి. మొదటిది సన్నటి గరుకు. వెలుతురు అల పొడవులో ఎనిమిదో వంతు కంటే ఎత్తుపల్లాలు తక్కువగా ఉంటే తలాన్ని నునుపుగా లెక్కించవచ్చని ర్యాలీ పేరుతో ఒక ప్రమాణం ఉంది. ఆకుపచ్చ వెలుతురుకు అది మైక్రాన్‌లో సుమారు 7 శాతం, అంటే వెంట్రుక మందంలో వెయ్యో వంతు. ఇంత సన్నటి నునుపు సాధించడం కష్టమనిపిస్తుంది కానీ, ద్రవంగా పడి ఆరిన పూతకు అది దానంతటదే వస్తుంది. ఆరిన తరువాత గీతలు పడితే పాలిష్ దాన్ని తిరిగి తెస్తుంది. రెండోది అల. నారింజ తొక్కలా మిల్లీమీటరు నుంచి సెంటీమీటరు దాకా ఉండే అలలు, అంతకంటే పెద్దవిగా రేకు సొట్టలు తీసిన చోట మిగిలిపోయే అలలు. వీటిని తలుపు ముందు నిలబడి చూస్తే కనపడవు. ట్యూబులైటు ప్రతిబింబం మాత్రం పట్టిస్తుంది. ఒక చిన్న లెక్క చూడండి. 5 సెంటీమీటర్ల పొడవున్న ఒక అల, సగటు మట్టానికి 25 మైక్రాన్లు పైకీ, అంతే కిందికీ ఉందనుకుందాం. అది వెంట్రుక మందంలో మూడో వంతు, వేలితో తడిమితే తెలియనంత సన్నం. కానీ ఆ అల వాలు వల్ల తిరిగి వచ్చే వెలుతురు డిగ్రీలో మూడో వంతు పక్కకు తొలగుతుంది. మంచి చూపున్న కన్ను డిగ్రీలో అరవయ్యో వంతు తేడాను గుర్తుపడుతుంది. అంటే వేలు పట్టలేని తప్పును కన్ను సులువుగా పట్టేస్తుంది, ట్యూబులైటు గీత పాములా వంకర తిరుగుతుంది.

మెరుపును కొలిచే పరికరం ఇక్కడ ఒక విలువైన సాక్ష్యం ఇస్తుంది. గ్లాస్ మీటర్ అనే ఆ పరికరం 60 డిగ్రీల వాలున వెలుతురు వేసి, నున్నటి నల్ల గాజు పలకను 100గా పెట్టుకుని మిగతావాటిని దానితో పోలుస్తుంది. నారింజ తొక్కలా ఉన్న తలుపూ, అద్దంలా చదునైన తలుపూ ఇందులో దాదాపు ఒకే అంకె చూపించవచ్చు. పెద్ద అలలు ఆ పరికరానికి ఆనవు. అందుకే కార్ల కర్మాగారాల్లో అలలను కొలవడానికి వేరే పరికరాలు పెట్టుకున్నారు. మెరుపు ఒకటి, లోతు మరొకటి అనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు. డబ్బా మీద రాసే హైగ్లాస్ అన్న మాట మొదటిదాని గురించి హామీ ఇస్తుంది, రెండోదాని గురించి ఇవ్వదు.

ఇక్కడ ఒక న్యాయమైన అభ్యంతరం వస్తుంది. రంగు ద్రవమే కదా, నీళ్లలా పరుచుకుని తనకు తానే మట్టమైపోదా? సన్నటి అలల విషయంలో అవుతుంది. 1962లో ఆర్చర్డ్ అనే శాస్త్రవేత్త పలుచటి ద్రవపు పొరలు ఎలా చదునవుతాయో లెక్క కట్టాడు. తలతన్యత పొరను సాగదీసి మట్టం చేయాలని చూస్తుంది, చిక్కదనం అడ్డుపడుతుంది. ఈ పెనుగులాటలో అల పొడవు రెట్టింపైతే చదునయ్యే సమయం 16 రెట్లు పెరుగుతుంది. పూత మందం సగమైతే 8 రెట్లు పెరుగుతుంది. 1 మిల్లీమీటరు అల సెకనులో పదో వంతులో చదునైందనుకుంటే, అదే పూతలో 1 సెంటీమీటరు అలకు 10,000 రెట్లు, అంటే పావుగంటకు పైన పడుతుంది. 5 సెంటీమీటర్ల అలకైతే వారం. పూత అప్పటికి ఎప్పుడో గట్టిపడి ఉంటుంది. లప్పం వేసిన చోటు అంచులో, సుత్తి దెబ్బల మధ్యలో మిగిలే అలలన్నీ ఈ పెద్ద కొలతలవే. రంగు వాటిని కప్పుతుందే గానీ సరిచేయదు.

సన్నటి గీతల విషయంలో కూడా ద్రవం చేసే మేలు పూర్తిగా దక్కదు, ఎందుకంటే పూత ఆరేటప్పుడు కుంగుతుంది. గట్టిపడిన తరువాత సగమే మిగిలే పూతను తీసుకోండి. ప్రైమర్ మీద 10 మైక్రాన్ల లోతు గీత ఉంది. తడిగా ఉన్నప్పుడు పూత ఆ గీతను నింపి పైన మట్టంగా నిలుస్తుంది. చూసినవాడు పని అయిపోయిందనుకుంటాడు. కానీ గీత ఉన్న చోట ద్రవం 10 మైక్రాన్లు ఎక్కువ మందంగా ఉంది, అందులో సగం ఆవిరైపోతుంది. ఆరాక పైతలం మీద అదే చోట 5 మైక్రాన్ల పల్లం తేలుతుంది. రెండో పూత వేస్తే అది రెండున్నర అవుతుంది, పూర్తిగా పోదు. కొట్టిన రోజు అద్దంలా ఉండి, నెల తిరిగేసరికి లప్పం అంచులూ పాత గీతలూ బయటపడ్డాయని చాలామంది బాధపడతారు. పూతలో చివరి థిన్నర్ పోవడానికి రోజులు, ఒక్కోసారి వారాలు పడుతుంది. థిన్నర్ పోయేకొద్దీ కింద దాచిన తప్పు పైకి వస్తుంది. మోసపు రంగు అంటూ డబ్బాను తిట్టడం అన్యాయం.

కాబట్టి నింపేది ఏదైనా పైపూతకు ముందే నింపాలి, అది కుంగనిదై ఉండాలి. ఆ కుంగనితనం ఎక్కణ్నుంచి వస్తుందంటే రాతిపొడి నుంచి. లప్పం అంటే పాలియెస్టర్ జిగురులో కలిపిన ఖనిజపు పొడి, అందులో ఎక్కువగా వాడేది టాల్క్, అంటే మన బలపపు రాయి పొడి. పలకల మీద రాసిన బలపాల రాయే ఇది. మెత్తనిది కాబట్టి గట్టిపడిన లప్పం కూడా ఎమరీ కాగితానికి తేలిగ్గా అరుగుతుంది. దాని పైన వేసే ప్రైమర్ సర్ఫేసర్‌లో వాడే పొడుల్లో ముఖ్యమైనది ముగ్గురాయి, రసాయనంగా బేరియం సల్ఫేట్. నీళ్లకంటే నాలుగున్నర రెట్లు బరువు. ఆమ్లాలకూ క్షారాలకూ చలించదు. దాని వక్రీభవన గుణకం 1.64, జిగురుకు దగ్గరలోనే ఉంటుంది కాబట్టి రంగును తెల్లబరచదు. అన్నిటికంటే ముఖ్యం, దాని రేణువులు గట్టిగా, రంధ్రాలు లేకుండా ఉంటాయి, జిగురును చాలా తక్కువగా పీలుస్తాయి. అందువల్ల ప్రైమర్‌లో పొడి ఎక్కువ పెట్టినా ఖాళీలు మిగలవు. ఖాళీలున్న ప్రైమర్ పైపూతలోని జిగురును లాగేసుకుంటుంది. రంగు పీల్చుకుపోయిందని పెయింటర్లు చెప్పేది దాన్నే. పైన ఎంత మంచి రంగు కొట్టినా అక్కడక్కడా మసకబారుతుంది. ముగ్గురాయి పొడి ఆ దారిని మూస్తుంది.

ఈ రెండు రాళ్లకూ రాయలసీమ పుట్టిల్లు. ఓబులవారిపల్లె మండలంలోని మంగంపేటలో ఉన్న ముగ్గురాయి నిక్షేపం ప్రపంచంలోనే అతి పెద్దవాటిలో ఒకటి. ఆ బూడిదరంగు రాయి ఎక్కువగా చమురు బావుల తవ్వకానికి బురదలో కలపడానికి పోతుంది. వేంపల్లె, పులివెందుల వైపు దొరికేది వేరే తరహా. ఇక్కడ ముగ్గురాయి డోలమైట్ సున్నపురాతిలోనూ, దాన్ని చీల్చుకుని వచ్చిన నల్లటి అగ్నిశిలల్లోనూ తెల్లని ఈనెల్లా పారి ఉంటుంది. రంగుల పరిశ్రమకు కావలసింది ఆ తెలుపే. ఆ డోలమైట్ పొరలకు భూగర్భశాస్త్రంలో వేంపల్లె పేరే స్థిరపడింది. కడప, కర్నూలు శిలల మీద విలియం కింగ్ 1872లో ప్రచురించిన వివరణే ఈ ప్రాంతపు శిలాక్రమానికి పునాది. తుమ్మలపల్లె యురేనియం ఉన్నది కూడా ఈ వేంపల్లె డోలమైట్‌లోనే. అదే డోలమైట్‌ను కరిగిన శిల వేడి తాకిన చోట్ల బలపపు రాయి, రాతినార తయారయ్యాయి. బేతంచెర్ల వైపు బలపపు రాయి గనులు అందరికీ తెలిసినవే. ఏ డబ్బాలో ఏ గని పొడి ఉందో మూత మీద రాయరు, అది ఎవరూ చెప్పలేరు కూడా. అయినా కారు రంగుకు ఆధారమైన ఖనిజాలు మన కాళ్ల కింద ఉన్నవేనని తెలిస్తే, కింది పొరను చులకనగా చూడడం తగ్గుతుందని నా నమ్మకం.

పని విషయానికి వస్తే, ఎమరీ కాగితాన్ని చేతివేళ్లతో పట్టుకుని రుద్దడం అన్నిటికంటే పెద్ద పొరపాటు. వేళ్ల కింద ఒత్తిడి ఎక్కువ, సందుల్లో తక్కువ. రుద్దిన కొద్దీ వేళ్ల వెడల్పున కాలువలు పడతాయి. కాగితాన్ని గట్టి దిమ్మకు చుట్టి రుద్దాలి. ఆ దిమ్మ పొడవు, తీయదలచుకున్న అల పొడవుకంటే ఎక్కువ ఉండాలి. అప్పుడే అది శిఖరాల మీద ఆగి వాటినే కోస్తుంది, పల్లాల్లోకి దిగదు. అరచేతి వెడల్పు దిమ్మతో తలుపంతా రుద్దితే అరచేతికంటే పెద్ద అలలన్నీ భద్రంగా మిగిలిపోతాయి. తలుపుకూ బానెట్‌కూ అడుగు పొడవు దిమ్మ కావాలి. రుద్దే ముందు ప్రైమర్ మీద నల్లటి రంగును పొడిపొడిగా చిమ్మితే, మట్టమైన చోట నలుపు పోతుంది, పల్లంలో మిగులుతుంది. నలుపు మిగిలిన చోట ఇంకా రుద్దడం తప్పు. అక్కడ మళ్లీ లప్పమో ప్రైమరో వేసి నింపాలి.

కాగితం నంబర్ల వరస కూడా లెక్క ప్రకారమే. 80 నంబర్ కాగితం మీద రేణువు సుమారు 200 మైక్రాన్లు, 180 మీద 82, 320 మీద 46, 600 మీద 26, 2000 మీద 10. ప్రతి కాగితం తన ముందు కాగితం వదిలిన గీతలను పూర్తిగా తీయాలి, అంతే దాని పని. 80 నుంచి ఒక్కసారిగా 400కు దూకితే పైన నునుపు వస్తుంది, 80 గీతల అడుగులు లోపలే ఉండిపోతాయి. మనం ఇందాక చూసిన కుంగుబాటు వాటిని నెల తరువాత పైకి తెస్తుంది. పాత బండి రంగు తీసేటప్పుడు నీళ్లు పోసి రుద్దడం మంచిది. పాత రంగుల్లో, ఎర్ర ప్రైమర్లలో సీసం ఉండే అవకాశం ఉంది, ఆ దుమ్ము పిల్లలున్న ఇంట్లో పడకూడదు. లప్పం మీద మాత్రం నీళ్లు వద్దు, అది నీటిని పీల్చుకుని కింద రేకును తుప్పు పట్టిస్తుంది.

రంగు కొట్టే వేళ గురించి సీమ వాతావరణం తన షరతులు పెడుతుంది. ఎండాకాలం ఇక్కడ గాలి 40 డిగ్రీలు దాటుతుంది, ఎండలో ఉన్న రేకు అంతకంటే చాలా వేడెక్కుతుంది. అలాంటి రేకు మీద థిన్నర్ క్షణాల్లో ఆవిరైపోతుంది. చుక్కలు పరుచుకునే లోగానే చిక్కబడి నారింజ తొక్క తయారవుతుంది. కొన్నిచోట్ల పైన చర్మం కట్టి లోపలి థిన్నర్ బుడగలై పేలుతుంది. నిదానంగా ఆరే థిన్నర్, నిదానపు హార్డెనర్ వాడి, నీడలో, తెల్లవారి గాలి నిలకడగా ఉన్నప్పుడు కొట్టడం దీనికి మందు. నేల మీద నీళ్లు చల్లితే దుమ్ము లేవదు. వానాకాలంలో తేమ ఇంకో ఇబ్బంది తెస్తుంది. ఆవిరయ్యే థిన్నర్ రేకును చల్లబరచి, దాని మీద గాలిలోని తేమను చేరుస్తుంది, పూత తెల్లబారుతుంది. రెండు డబ్బాల పాలీయురెథేన్ పూతల్లోని హార్డెనర్ నీటితో కలిస్తే కార్బన్ డయాక్సైడ్ బుడగలు వస్తాయి. ఆ హార్డెనర్ గురించి గట్టిగా చెప్పాల్సిన మాట ఇంకొకటి ఉంది. అందులో ఉండే ఐసోసయనేట్లు ఊపిరితిత్తుల్లోకి పోతే ఉబ్బసం రావచ్చు, ఒకసారి పడకపోవడం మొదలైతే తరువాత కొద్దిపాటి ఆవిరి కూడా ప్రమాదమే. ముక్కుకు కట్టుకున్న తువ్వాలు ఏ మాత్రం కాపాడదు. బయటి నుంచి గొట్టంతో మంచి గాలి అందించే మాస్క్ లేనివాళ్లు ఆ పూత ఒక్కటీ సరైన బూత్ ఉన్న షెడ్డులో కొట్టించుకోవడమే తెలివి. అంతవరకూ చేసిన పనంతా వాళ్లదే కాబట్టి మెరుపు కూడా వాళ్లదే.

రంగు మీద వేసే పారదర్శకమైన క్లియర్ పూతలు మరో నాలుగు ఎక్కువ వేస్తే లోతు పెరగదా అన్న ప్రశ్న తప్పకుండా వస్తుంది. క్లియర్ వల్ల నిజంగా ఒక మేలు ఉంది. రంగు రేణువులు పైతలానికి పొడుచుకు రాకుండా అది కప్పి పెడుతుంది, రుద్ది మట్టం చేయడానికి మందం ఇస్తుంది. కానీ 50 మైక్రాన్ల క్లియర్‌కూ 150 మైక్రాన్ల క్లియర్‌కూ ప్రతిబింబం ఏర్పడే దూరంలో తేడా ఉండదు, అది చెట్టు ఎంత దూరంలో ఉందన్న దాని మీదే ఆధారపడుతుంది. మందం మితిమీరితే థిన్నర్ లోపల చిక్కుకుంటుంది, ఎండకు పగుళ్లు వస్తాయి. పాతకాలపు పనిమంతులు ఇరవై పూతలు వేసేవారు కదా అంటే, ఆ పూతలు వేరు. 1923లో డ్యూపాంట్ తెచ్చిన డ్యూకో వంటి నైట్రోసెల్యులోజ్ లాకర్లలో గట్టిపడి మిగిలే భాగం చాలా తక్కువ. అంత పలుచటి పూతకు మందం రావాలంటే చాలాసార్లు కొట్టక తప్పదు. అసలు మెరుపు వచ్చింది ప్రతి రెండు మూడు పూతలకూ మధ్య వాళ్లు రుద్దిన రుద్దుడు వల్ల. మనం గుర్తుపెట్టుకున్నది పూతల సంఖ్యను, మరచిపోయింది రుద్దిన గంటలను. మైనం సంగతీ అంతే. దాని పొర మైక్రాన్ కూడా ఉండదు, సన్నటి గీతలను కొన్నాళ్లు నింపుతుంది. అలను తాకను కూడా తాకదు.

కర్మాగారంలో రోబోలు చేసే పనిని ఇంటి పెరట్లో అందుకోగలమా అని వెనకాడేవాళ్లు, కొత్త కారు తలుపులో ట్యూబులైటు నీడను ఒకసారి గమనించాలి. సన్నటి నారింజ తొక్క చాలా కొత్త కార్లలో ఉంటుంది. నిమిషాల లెక్కన బండ్లు కదిలే చోట ప్రతి తలుపునూ చేత్తో మట్టం చేసే తీరిక ఉండదు. ఇంటి దగ్గర చేసేవాడికి బూత్ లేదు, ఓవెన్ లేదు, కానీ తొందర కూడా లేదు. చదును అనేది సమయంతో కొనుక్కునే వస్తువు కాబట్టి, ఈ ఒక్క విషయంలో ఇంటి పని కర్మాగారాన్ని మించగలదు. ఎర్రగుంట్ల, బేతంచెర్ల వైపు నాపరాళ్ల పాలిష్ చూసినవాళ్లకు ఇది కొత్త కాదు. గనిలో బూడిదరంగులో ఉన్న కడప రాయి వరస రాపిడుల కింద అరిగి అరిగి నల్లగా తేలుతుంది. ఎవరూ దానికి నలుపు పూయలేదు. గరుకు తలం చెదరగొట్టిన తెల్ల వెలుతురు తగ్గి, రాయి అసలు నలుపు బయటపడింది. పాలిష్ అంటే కంటికి కనపడనంత సన్నటి గీతలు గీయడమేనని న్యూటన్ 1704లో తన ఆప్టిక్స్‌లో గాజు గురించి చెప్పింది రాయికీ రంగుకూ కూడా వర్తిస్తుంది. చివర 2000 కాగితం, తరువాత రబ్బింగ్ కాంపౌండ్ చేసేది అదే. అక్కడ కోసేది కొన్ని మైక్రాన్లే కాబట్టి కింది చదును ముందే ఉండాలి. అల తీయాలని అక్కడ రుద్దితే క్లియర్ తెగి రంగు బయటపడుతుంది.

ఇంత చేసి ఏం లాభం, మన దుమ్ములో రెండు రోజులకే మసకబారుతుంది కదా అనే మాట కూడా వింటాం. దుమ్ము మెరుపును కప్పుతుంది, తీసెయ్యదు. తీసేది పొడి గుడ్డ. మన నేల దుమ్ములో క్వార్ట్జ్ రేణువులుంటాయి, ఖనిజాల కాఠిన్యపు కొలమానంలో వాటిది 7. ఏ క్లియర్ అయినా దాని ముందు మెత్తనిదే. పొద్దున్నే పొడి గుడ్డతో తుడిచిన ప్రతిసారీ వేల గీతలు అన్ని దిక్కులకూ పడతాయి. ఎండలో చూస్తే అవి సూర్యబింబం చుట్టూ సాలెగూడులా వలయాలుగా కనిపిస్తాయి, ఎందుకంటే వెలుతురుకు అడ్డంగా ఉన్న గీతలు మాత్రమే మన కంటికి మెరుస్తాయి. ముందు ధారాళంగా నీళ్లు పోసి దుమ్మును జార్చి, తరువాత తడి గుడ్డను ఒత్తిడి లేకుండా ఒకే దిక్కున లాగాలి. నీళ్లు కరువైన రోజు బండిని దుమ్ముతోనే వదిలేయడం మేలు. కొత్త పూత మీద మొదటి నెల మైనం కూడా వద్దు, లోపలి థిన్నర్ బయటికి పోవడానికి దారి ఉండాలి. ఆ నెల గడిచాక మళ్లీ ట్యూబులైటు కింద పెట్టి చూడాలి. కుంగాల్సింది ఏదైనా ఉంటే అప్పటికి కుంగి ఉంటుంది, సన్నటిదైతే 2000 కాగితంతో తీసేందుకు క్లియర్‌లో ఇంకా మందం మిగిలి ఉంటుంది.